గొర్ల లెక్క

గడియారం చౌరస్త దాటినంక, పాత పత్తి గోదాము మీది అంతస్తుల
కోచ్ సారు బల్ల మీద మూడు పెట్టెలు తెరిసిండు.
ఒకటి జర్మనీది.
ఒకటి చెక్ దేశపుది, ఎవరో రెండేండ్లు వాడి ఇడిసింది.
మూడోది మన కాడనే తయారైంది.

రెండు లక్షల అరవై వేలన్నడు జర్మనీదానికి,
ఎడ్లకు జొన్నసొప్ప ధర చెప్పినంత నిమ్మళంగ.
సారూ, నాకు రూపాయలల్ల సమజు కాదు.
ఈడొచ్చిన గొర్రెను పన్నెండు వేలకు కడితే
ఇరవై ఒకటి, పైన ఓ పిల్ల.
చెక్ దేశపుది పది.
మనదేమో మూడున్నర.
"అర గొర్రె యాడ దొరుకుతది నాయినా?"
అని నవ్వింది నా బిడ్డ.
ఇంట్ల పీరమ్మ, సర్టిఫికెట్ల ప్రవళిక.

దేవరకద్ర సంతల నా బేరం వేరే తీరు.
పెదవి లేపి పళ్లు చూస్త.
నడుం మీద బొటనేలు పెట్టి
ఎముక ఎంత లోతున ఉన్నదో ఒత్తి చూస్త.
ముందరి కాళ్లు లేపి బరువు జోకుత.
ఆఖరికి చేతుల మీద తువ్వాల కప్పి
ఏళ్లతోని ధర మాట్లాడుత.
ఈడ తువ్వాల లేదు.
ధర చీటీ అతికిచ్చి ఉన్నది, జీఎస్టీ వేరే అని కింద సన్నగ.
ఏం చేయాల్నో తోచక జర్మనీదాని గొట్టం మీద బొటనేలు పెట్టి ఒత్తిన.
సల్లగ ఉన్నది, చలికాలం పొద్దుగాల బోరు పైపు లెక్క.
సారు నవ్వలే.
"మంచిగ చూడు మాసన్నా, చూడనీకే తెప్పిచ్చిన" అన్నడు.

పెట్టెలు తెచ్చిన పిలగాడు రంగుల పుస్తకం తిప్పి
ఇంకో తుపాకి బొమ్మ చూపిచ్చిండు.
సెమీ ఆటోమేటికట.
ఒకటి పేలంగనే ఇంకోటి తనంతల తానే ఎక్కి కూసుంటదట.
అండ్ల గూడ నాలుగు కంపెనీలు, నాలుగు ధరలు.
"మనకు కాదు, ఊకె చూడు" అన్నడు.
దొడ్డి తడిక తీసినప్పుడు
ఒకదాని ఎనక ఒకటి దుంకే గొర్లు యాదికొచ్చినయి.
అప్పుడే లెక్క తప్పేది, ఎసొంటోనికైన.

పీరమ్మది అట్ల కాదు.
ఒక్కొక్క గుండు ఏలితోని పెట్టాలె,
మూత ఎయ్యాలె, చెంప ఆనించాలె, మల్ల మొదటికెల్లి.
అరవై మాట్ల.
ఊపిరి సగం ఇడిసి ఆపింది.
నిరుడు వానకాలం పిల్లగొర్రె డెక్కల ముల్లు గుంజేటప్పుడు
అచ్చం ఇట్లనే ఆపింది.

ఒక్కోదానితోని పది కొట్టిచ్చి
మూడు కాగితాలు పక్కపక్కన పరిసిండు సారు.
జర్మనీ కాగితానికి ఒక్కటే బొక్క, పది ఒకదాంట్లనే దూరినయి.
చెక్ దేశపుదాని బొక్క కొంచెం సాగింది.
మనదానికి బొక్కలు అటొకటి ఇటొకటి, అలిగిన అన్నదమ్ముల తీరు.
కండ్లద్దాలు తుడుసుకొని మల్ల చూసిన.
మొదటిదానికి రెండోదానికి ఎడం పిడుదంత.
ఆ పిడుదు ఖరీదు పదకొండు గొర్లు.

ఊర్లె అడుగుతరు, తోడేళ్లకా మాసన్నా, అడివి పందులకా అని.
ఆవగింజ కంటె సన్నపు సుక్కకని ఎట్ల చెప్పాలె?
అది పంట మెయ్యదు, పిల్లలనెత్తుకపోదు,
ముప్పై అడుగుల అవుతల గోడకు కదలకుంట ఉంటది.
దానికోసం మందల సగం.

ఆనాడు ఏదీ కొనలే.
గుండ్ల డబ్బీ ఒకటి తీసుకున్నం, అయిదు నూర్లు, పదకొండు వందలకు.
ఒక్కోటి రెండు రూపాయల ఇరవై పైసలు.
పైసలు ఇప్పుడెవరు ఇస్తలేరు, లెక్కలనే మిగిలినయి.

కోయిలకొండ బస్సుల డబ్బీ నా ఒళ్లె,
గుంతగుంతకు గలగలమంటున్నది.
"సారు చెక్ దేశపుది రెండు నెలలు ఆపుతనన్నడు" అన్నది పీరమ్మ.
కొంచెం సేపు కిటికీల చూసింది.
"ఏ పది నాయినా?"

మందనంత కండ్ల ముంగట నిలబెట్టుకున్న.
సెవి తెగింది. నల్లమూతిది. రెండీతలు ఎల్లింది.
ఒక్కోదాని మొకం చూసుకుంట ఎనిమిది దాక వచ్చిన.
తొమ్మిదోదాని కాడ
ఊరొచ్చింది.